ఎడమ సుడి

ఆ పూట గిల్ మెక్రే ఇంటికి రావలసిన వేళకంటే ముందే వచ్చాడు. తప్పు డీజిల్‌ది. తెల్లవారుజామున పడిన మంచుకు ట్రాక్టరు ట్యాంకులో డీజిల్ మైనంలా గడ్డకట్టింది. గొర్రెలకు మేత వెయ్యాలంటే కాస్త పొద్దెక్కి ఎండ ఇంజను మీద పడాలి. అందాకా కంచె పక్కన నిలబడి చేతులు నలుపుకునేకంటే ఓ కప్పు టీ తాగి రావడం నయమనుకుని వెనక్కి తిరిగాడు.

పెరటి దారిన వచ్చాడు. వంటింటి కిటికీ అద్దమంతా మంచు పేరుకుపోయి, కెటిల్ ఆవిరి తగిలిన చోట మాత్రం పళ్ళెమంత మేర కరిగి ఉంది. అందులోంచి భార్య మావిస్ కనిపించింది. సింకు దగ్గర నిలబడి బంగాళాదుంపలు చెక్కుతోంది. ఎడంచేతిలో చాకు చురుగ్గా ఆడుతోంది. తల మీద టోపీ ఉంది.

అది అతను అల్లిన టోపీ కాదు.

గిల్ ఉన్నచోటే ఆగిపోయాడు. నీలం కాదు, బూడిద కాదు, వానకు ముందు కొండకు వచ్చే రంగు. తలకు అంటుకుని, చెవుల మీదికి మెత్తగా జారి ఉంది. మావిస్ మధ్యలో ఆగి, తడిచేతి వెనకవైపుతో ఆ టోపీని ఒకసారి నిమురుకుంది. పిల్లిని నిమిరినట్టు నిమిరింది.

కుక్క గొలుసు గలగలమంది. మావిస్ చప్పున తలుపువైపు తిరిగింది. గిల్ బూట్లు విదిలించి, విదిలించినంతసేపూ కావాలనే చప్పుడు చేసి, లోపలికి వచ్చేసరికి ఆమె తల మీద గోధుమరంగు టోపీ ఉంది. అతనిదే. కొంచెం వంకరగా ఉంది.

"ఏంది, అప్పుడే వచ్చావ్?"

"డీజిల్."

"గడ్డ కట్టిందా?"

"ఊఁ."

ఆమె టీ పోసి ఇచ్చింది. అతను కప్పు పట్టుకుని ఆమె ఆప్రాన్ జేబు వంక చూశాడు. జేబు ఉబ్బెత్తుగా ఉంది.

ఆ ఇంట్లో అల్లేది గిల్. రామ్‌బర్న్ ఊళ్ళో ఇది కొత్త వాళ్ళకు నవ్వు, పాతవాళ్ళకు మామూలు. కుర్రతనంలో కాలు విరిగి చలికాలమంతా మంచాన పడితే వాళ్ళమ్మ చేతికి సూదులిచ్చింది. కాలు అతికింది, సూదులు మాత్రం వదల్లేదు. మావిస్‌కి గొర్రెకుక్కలకు మెలకువలు నేర్పడం వచ్చు, ట్రాక్టరు విప్పి బిగించడం వచ్చు, సూదీ దారం అంటే మాత్రం దణ్ణం పెట్టేది. పెళ్ళయినప్పటినుంచీ ఆమె తల మీదికెక్కిన ప్రతి ఊలు టోపీ గిల్ చేతిలోంచి వచ్చిందే. డునీడిన్ ఆస్పత్రిలో క్యాన్సర్ మందు ఎక్కించడం మొదలుపెట్టాక ఆమె జుట్టు దిండుకు అంటుకుపోయి రావడం చూసిన రోజున, అతను ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళి ఉన్ని బస్తాలు దింపుకున్నాడు. ఏ గొర్రె ఉన్నో వెతికి మరీ తీశాడు. బటన్ది. ఆ రోమ్నీ జాతి గొర్రెను పిల్లగా ఉన్నప్పుడు మావిస్ పాలసీసాతో పెంచింది. అందులోనూ భుజం మీది ఉన్ని మాత్రమే ఏరి, కడిగి, ఏకి, వాళ్ళమ్మ రాట్నం మీద వడికి, టోపీ అల్లి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు "బటన్ ఉన్ని" అన్నాడు. మావిస్ కళ్ళు తడయ్యాయి. అంతకంటే ఏం కావాలి మనిషికి.

మరి ఈ నీలి బూడిద టోపీ ఎక్కణ్ణించి వచ్చినట్టు?

మధ్యాహ్నం ఆమె పడుకున్నప్పుడు వెతికాడు. గొర్రె దాచుకున్న పిల్లను వెతికేటప్పుడు అది ఎటు చూస్తుందో అటు పోకూడదు, ఎటు చూడదో అటు పోవాలి. బీరువా చూడలేదు. మంచం కింద చూడలేదు. ఈ ఇంట్లో నేను ఎన్నడూ చెయ్యి పెట్టనిది ఏదా అని ఆలోచించాడు. వెనక వరండాలో కొక్కేనికి వేలాడే బట్టల క్లిప్పుల సంచి కనిపించింది. చెయ్యి పెట్టాడు. క్లిప్పుల కింద మెత్తగా తగిలింది.

కిటికీ వెలుగులోకి తెచ్చి చూశాడు. అల్లేవాడికి అల్లిక చేతిరాత లాంటిది. సంతకం అక్కర్లేదు. ముందు ఊలు. అరచేతిలో వేసుకుంటే బరువే తెలియలేదు. కాయలు కాసిన ఆ చేతికి అసలు ఆనలేదు, నీళ్ళలా జారింది. తమ కింది పొలాల్లో తిరిగే గొర్రెల ఉన్ని కాదిది. పైకొండల మెరినో గొర్రెలది, అందులోనూ ఏరిన మెరినో. ఇక అల్లిక. అల్లినవాడికి చెయ్యి తిరగలేదు. ఒకచోట బిగువు, ఒకచోట వదులు. ఒక కుట్టు జారిపోతే కింది వరస నుంచి ఎక్కించి సర్దుకున్నాడు. అంచు పట్టీ పరవాలేదు. పైకి వెళ్ళేకొద్దీ కుదురు వచ్చింది.

నడినెత్తికి వచ్చాక గిల్ వేలితో పాయలు లెక్కపెట్టాడు.

ఏడు పాయలు.

లోకంలో ఎవరు టోపీ అల్లినా నెత్తి దగ్గర ఎనిమిది పాయలుగా దగ్గరికి తెస్తారు. అచ్చు పుస్తకాల్లోనూ అంతే. గిల్ టోపీకి ఏడే. అతను అల్లిన మొదటి టోపీలో లెక్క తప్పి ఏడు పడ్డాయి. వాళ్ళమ్మ విప్పకుండా "బాగానే ఉంది, తలే గుండ్రంగా లేదు మరి" అంది. అప్పట్నించీ ఏడే. పాయలు మొదలయ్యే ముందు ఒక తిరగ కుట్టు వరస వేస్తాడు. అదీ ఇందులో ఉంది. ఎవరో అతని టోపీని ముందు పెట్టుకుని అచ్చు దింపారు.

ఒక్కటే తేడా. గిల్ టోపీలో ఏడు పాయలూ కలిసి సుడి తిరిగి కుడి చెవి వైపు వంగుతాయి. ఇందులో సుడి ఎడమకు తిరిగింది.

ఎడంచేతి వాటం మనిషి.

మెరినో ఊలు, ఎడంచేతి వాటం. ఈ రెండూ ఒక్కచోట ఉన్న మనిషి ఎవరో గిల్‌కి వెతుక్కోనక్కర్లేకపోయింది. డెస్ కెర్. బతుకంతా పైకొండల్లో ఉన్ని కత్తిరించే షెడ్లలో బల్ల ముందు నిలబడి ఉన్నికి తరగతులు కట్టినవాడు. పెళ్ళి చేసుకోలేదు. వాగు అవతల ఒంటి ఇల్లు. గిల్, మావిస్ మొదటిసారి కలిసి నాట్యం చేసింది ఊరి హాల్లో. ఆ సాయంత్రం ఆమె హాలుకు వచ్చింది డెస్ కారులో. తిరిగి వెళ్ళింది గిల్ కారులో. ఊళ్ళో ఎవరూ ఆ మాట ఎత్తరు, ఎవరూ మర్చిపోనూ లేదు.

టోపీని ఉన్నది ఉన్నట్టు మడిచి, దాని మీద క్లిప్పులు పోసి, సంచి కొక్కేనికి తగిలించాడు. గేటు దాకా నడిచాడు. మంచులో కారు చక్రాల జాడలు రెండు జతలు. ఒకటి తనది. రెండోది సన్నటి టైర్లది. పాలవాడిదీ కాదు, పోస్టుదీ కాదు.

రెండు రోజుల తర్వాత కబురొచ్చింది. చెరువు గట్టిపడింది, రాళ్ళాట ఉంది రమ్మని. ఐసు బరువు మోస్తుందని పెద్దలు తేల్చిన రోజున రామ్‌బర్న్‌లో పొలం పనీ ఆగుతుంది, దుకాణమూ మూస్తారు. పిడి బిగించిన గ్రానైటు రాళ్ళు, చీపుళ్ళు బళ్ళలో వేసుకుని ఊరంతా చెరువు మీదికి వస్తుంది. ఒకడు వంగి రాయి జార్చి వదుల్తాడు. అది పోతుంటే ఇద్దరు ముందు పరిగెడుతూ ఐసు ఊడుస్తారు. ఊడ్చినకొద్దీ రాయి దూరం పోతుంది.

"వెళ్ళు గిల్, నేను బాగానే ఉన్నా" అంది మావిస్. "చీజ్ రోల్స్ చేసి పెట్టా, పట్టుకెళ్ళు. బేసిల్‌కి రెండు ఎక్కువ ఇవ్వు, లేకపోతే సణుగుతాడు."

నన్ను పంపేసి ఎవరికోసం అనుకున్నాడు గిల్. ఆ వెంటనే, డెస్ కూడా చెరువు మీదే ఉంటాడు కదా అని గుర్తొచ్చింది. అప్పటికప్పుడు బయల్దేరాడు.

ఆట మొదలయ్యాక అతని చూపు రాయి మీద నిలవలేదు. వంగిన ప్రతివాడి నడినెత్తీ చూశాడు. తను అల్లినవే చాలా ఉన్నాయి. కసాయి కొట్టువాడిది, బడి పంతులమ్మది, బేసిల్‌ది. అన్నీ కుడి సుడులే. మిగతావి దుకాణం సరుకు.

జట్టు పెద్ద బేసిల్ అవతలి కొసన నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. "ఒరే గిల్, ఐసు చూడమంటే మా నెత్తులు చూస్తావేంరా? పేలు ఏరుతున్నావా?"

"నువ్వు పెట్టుకున్న టోపీ ఎంత చివికిందో చూస్తున్నా."

"చివికితే కొత్తది అల్లియ్. పోయిన ఏడు నుంచీ అడుగుతున్నా. ఇప్పుడు ఇల్లాలికి తప్ప ఎవరికీ అల్లవుగా నువ్వు."

ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. డెస్ కూడా నవ్వాడు. గిల్ నవ్వలేదు. డెస్ తల మీద గుడ్డ టోపీ ఉంది, ఊలుది కాదు. ఊలంతా ఆమెకే ఇచ్చినట్టున్నాడు అనుకున్నాడు.

గిల్, డెస్ ఒకే జట్టు. ఎన్నో చలికాలాల నుంచీ అంతే. ఆఖరి రాయి డెస్‌ది. అది సరిగ్గా ఐసు మీద గీసిన గుండ్రంలోకి చేరితే గెలుపు. డెస్ వంగాడు. ఎడంచెయ్యి పిడి పట్టింది. ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు గిల్. రాయి వదిలాడు. అది ఐసు మీద సన్నగా గుర్రుమంటూ వచ్చింది.

"ఊడ్చండి" అన్నాడు బేసిల్. "ఇద్దరూ ఊడ్చండి. గిల్, ఊడ్చు. గిల్."

గిల్ చీపురు నేలకానించి నిలబడ్డాడు. రెండోవాడు ఒక్కడే ఊడ్చాడు. రాయి అలిసిపోయినట్టు నెమ్మదించి, గుండ్రానికి మూరెడు ఇవతల ఆగింది.

జట్టువాడి రాయి ముందు చీపురు ఆపడం ఆ ఊళ్ళో తిట్టుకంటే పెద్దది. తిడితే సాయంత్రం ఓ గ్లాసుతో పోతుంది. ఇది పోదు.

డెస్ నడిచి వచ్చి రాయి వంక చూశాడు. గిల్ వంక చూశాడు. "ఎండకి ఐసు మెత్తబడిందేమో" అన్నాడు, అందరికీ వినబడేట్టు. చేతులు జేబుల్లో పెట్టుకుని కారువైపు వెళ్ళిపోయాడు. అతని కారు టైర్లు సన్నటివి.

బేసిల్ గిల్ని పక్కకు లాగాడు. "మావిస్‌కి ఒంట్లో బాగాలేదు కాబట్టి ఊరుకుంటున్నా. లేకుంటే ఆ చీపురు నీ నెత్తినే విరిగేది. ఏమైందిరా నీకు?"

"డెస్‌కి అల్లడం వచ్చా?"

"ఏందీ?"

"అల్లడం. సూదులతో."

బేసిల్ నోట్లో చీజ్ రోల్ నమలడం ఆపాడు. "ఒంటిగాడు. సాక్సులకి చిల్లులు పడితే వాడే అల్లుకునేవాడు షెడ్లలో. వాడికి రానిదేముంది? ఎందుకు?"

"ఊరికే."

ఇంటికొచ్చాడు. పొయ్యి ముందు రెండు కుర్చీలు ఎదురెదురుగా ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి. ఒకదాంట్లో మావిస్ కూర్చుని ఉంది. గోధుమరంగు టోపీ పెట్టుకునే ఉంది. టోపీ అంచు కింద నుదుటి మీద అడ్డంగా ఎర్రటి చార కనిపించింది. మందుల వేడి అనుకున్నాడు.

"గెలిచారా?"

"లేదు."

"ఎవరు చెడగొట్టారు?"

"ఐసు మెత్తబడింది."

బుట్టలోంచి బటన్ ఊలు తీశాడు. మిగిలిన ఉండలు రెండూ కలిపి జంట పోగు చేశాడు. నాలుగు సూదుల మీద కుట్లు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఎవడో కొత్తగా నేర్చుకున్నవాడు పల్చటి ఊలుతో మెప్పిస్తే, తను ఇంతకు రెండింతలు దళసరిది అల్లగలడు. మావిస్ ఆ సూదుల వంక చూసింది. ఆమె మొహంలో ఏదో కిందికి జారింది.

"ఇంకోటా?"

"ఆఁ."

"ఒకటుందిగా."

"ఇది ఇంకా దళసరి."

"దళసరా" అంది మావిస్. టోపీ అంచు కాస్త పైకి తోసుకుని, "ఇంకాస్త మెత్తటి ఊలు దొరకదా, గిల్?" అంది.

సూదులు ఆగాయి. "మనింటి గొర్రె ఉన్నికంటే మెత్తందా? ఎవరింటి ఊలు కావాలి నీకు?"

"ఎవరిదీ వద్దులే. అల్లుకో."

అల్లాడు. చెరువు మీద ఆపిన చీపురు కసి అంతా సూదుల్లోకి దిగి కుట్లు బిగుసుకుపోయాయి. మావిస్ ఎప్పటిలాగే ఎదురు కుర్చీలో ఒళ్ళో చేతులు పెట్టుకుని అతని వేళ్ళ వంకే చూస్తూ కూర్చుంది. ఒళ్ళో ఆమె వేళ్ళు చిన్నగా కదులుతున్నాయి. కదిలి, మొద్దుబారినట్టు ఆగిపోతున్నాయి. గిల్ అది చూశాడు గానీ దాని గురించి ఆలోచించలేదు. ఈ చలికాలం దాటితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు. చెప్పకపోవడంలోనే ఏదో ఉందని ఇద్దరికీ తెలుసు. ఇదే ఆఖరి చలికాలమైతే, ఆమె తల మీద ఉండాల్సింది ఎవడి టోపీ? అతనికి లోకంలో ఇంక ఏ ప్రశ్నా లేదు.

మర్నాడు మేత వేసి, వాగు దాటి డెస్ ఇంటికి వెళ్ళాడు.

డెస్ పెరట్లో మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చీల్చని కట్టెల కుప్ప. గొడ్డలి మొద్దుకు దిగబడి ఉంది.

"రా" అన్నాడు డెస్. "నిన్న చెయ్యని పని ఇవాళ చెయ్యడానికి వచ్చావా? చీపురు తేలేదే."

గిల్ నిలబడే అడిగాడు. "నా పెళ్ళానికి టోపీ ఎందుకు అల్లావు?"

డెస్ అతని వంక చూశాడు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపాడు. వేళ్ళు కొక్కేల్లా వంగి ఉన్నాయి. కణుపులు వాచి, ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉన్నాయి. చొక్కాకు గుండీలు లేవు, వాటి చోట జిప్పు కుట్టి ఉంది.

"రాయి పిడి పట్టుకోవడానికి పనికొస్తాయి ఇవి. పిడికిలి పడుతుంది. వేళ్ళు విడివిడిగా ఆడవు. ఈ కట్టెలు నేనే కొట్టుకోగలిగితే ఇలా కుప్పలా పడి ఉండేవా? సూది పట్టి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు."

"ఊలు నీదే."

"ఊలు నాదే. కాదన్నానా? ఆమె వచ్చి అడిగింది. నీ టోపీ మా బల్ల మీద పెట్టి, డెస్, ఇంతకంటే మెత్తంది ఏదన్నా ఉందా, నెత్తి మీద చర్మం మంటలెత్తుతోంది, ఆ మంట సంగతి ఆయనకి చెప్పొద్దు అంది." డెస్ వంకర వేలితో గిల్ అరచేతిని చూపించాడు. "ఆ ఊలు మెత్తనా కాదా అని ఎక్కడ పెట్టి చూశావు నువ్వు? చేతిలోనా?"

గిల్ తన అరచెయ్యి వంక చూసుకున్నాడు.

"ఆ చేతులకి ముళ్ళకంప కూడా మెత్తగానే ఉంటుంది. మెడ మీద పెట్టి చూడాలి. గెడ్డం కింద. రోమ్నీ ఉన్ని తివాచీలకి మంచిది, గాలికి మంచిది. జుట్టులేని నెత్తికి కాదు. ఉన్నిలో పుట్టి ఉన్నిలో పెరిగావు, నీకు నేను చెప్పాలా? నువ్వు గొర్రెని చూశావు, ఉన్నిని చూడలేదు."

వాగు మీద ఐసు ఎక్కడో పగిలి టంగుమంది.

"నేను పనిమానేసిన ఏడు షెడ్డులో ఒక బొచ్చు దొరికింది" అన్నాడు డెస్. "అలాంటిది మళ్ళీ చూడలేదు. యజమాని తీసుకోమన్నాడు. వడికించి పెట్టుకున్నా. అల్లించి పెట్టడానికి తల ఏదీ లేకపోయింది నాకు. అలాగే ఉంది పెట్టెలో. ఆమెకి తెచ్చిస్తే నువ్వే అల్లుతావనుకున్నా. అల్లేది నువ్వే కదా మరి."

"నేను కాదు. మరెవరు?"

డెస్ లేచాడు. నవ్వబోయి మానుకున్నాడు. "ఇన్నేళ్ళుగా నీకు టీ ఏ చేత్తో పోస్తోంది గిల్, ఆమె?"

కిటికీలో బంగాళాదుంప, ఆడే చాకు. సింకు, కెటిల్, గరిటె, కుక్కలకు చేసే సైగ. అన్నీ గిల్ కళ్ళముందు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. అన్నీ ఆ ఎడంచేత్తోనే.

"నాకు నీ మీద కుళ్ళు లేదనుకున్నావా?" అన్నాడు డెస్, గొడ్డలి వంక చూస్తూ. "ఆ హాల్లో ఆమె కోటు నువ్వు పట్టుకున్నావు చూడు, అప్పట్నించీ ఉంది. కానీ దాన్ని ఎన్నడూ ఐసు మీదికి తేలేదు."

లోపలికి వెళ్ళి కాగితం సంచి తెచ్చాడు. అందులో ఇంకో మూడు ఉండలున్నాయి, అదే రంగువి. గిల్ అందుకోలేదు. సంచిని మొద్దు మీద పెట్టాడు డెస్. కాసేపటికి గిల్ కోటు విప్పి కంచె మీద వేశాడు. గొడ్డలి ఊడబీకి కట్టెలు చీల్చడం మొదలుపెట్టాడు. కుప్ప అయిపోయేదాకా ఆపలేదు. చీల్చినవాటిని వరండా గోడకు వరసగా పేర్చాడు, సన్నవి ఒకవైపు, లావువి ఒకవైపు. డెస్ టీ కప్పుతో గుమ్మంలో నిలబడి చూశాడు. వెళ్ళేటప్పుడు గిల్ కోటు తొడుక్కుని, సంచి తీసుకున్నాడు.

ఇంట్లో మావిస్ బల్ల ముందు కూర్చుని పేపరు తిరగేస్తోంది. గోధుమరంగు టోపీ. అతను సంచి బల్ల మీద పెట్టాడు. సంచి మూతి విచ్చుకుని ఊలు కనబడింది.

ఆమె పేపరు మడిచింది. "చెప్పాడా?"

"నేనే వెళ్ళా."

"చెరువు మీద చీపురు ఆపింది దీనికేనా? బేసిల్ ఫోన్ చేశాడు పొద్దున్న. మీ ఆయన బుర్ర కూడా గడ్డకట్టిందా, డీజిల్ ఒక్కటేనా అని అడిగాడు."

గిల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెయ్యి చాపి ఆమె తల మీది టోపీ మెల్లగా తీశాడు. నుదుటి మీద చార ఒకటే కాదు, నెత్తంతా ఎర్రటి చుక్కలు. తను అల్లిన టోపీని గెడ్డం కిందికి తెచ్చి మెడకు ఆనించుకున్నాడు. ఆనించి ఉంచాడు. గొర్రె వాసన వచ్చింది, ముళ్ళు కూడా గుచ్చుకున్నాయి.

"ఎందుకు చెప్పలేదు?"

"ఎట్టా చెప్పను? గొర్రె పేరు కూడా చెప్పి ఇస్తివి. అది గుచ్చుతోంది అంటే బటన్ని తిట్టినట్టుంటుంది."

"అల్లడం ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారు? నువ్వే."

"నేనెప్పుడు నేర్పా?"

"ఎదురు కుర్చీలో కూర్చుని ఇన్ని చలికాలాలు ఏం చేశాననుకున్నావు? పొయ్యి చూశానా? నీ చేతులే చూశా. నువ్వు కుడి, నేను ఎడం. అద్దంలో చూసి అల్లినట్టే ఉంటుంది. ఏడు పాయలకి ఎందుకు ఆగుతావో మాత్రం తెలియలేదు. నువ్వు ఆగితే నేనూ ఆగా."

గిల్ వరండాలోకి వెళ్ళాడు. క్లిప్పుల సంచి తెచ్చి బల్ల మీద బోర్లించాడు. మావిస్ నాలుక కరుచుకుంది, "అదీ కనిపెట్టావా" అంది. క్లిప్పుల మధ్య నీలి బూడిద టోపీ, దాని కింద ఆమె మొదలుపెట్టిన రెండోది, సూదుల మీదే ఉంది. మొన్న చెయ్యి పెట్టినప్పుడు అతనికి ఇది తగల్లేదు. నాలుగు వేళ్ళ ఎత్తు అల్లి ఆగిపోయింది. ఆఖరి వరసలో కుట్లు చెదిరిపోయి, రెండు జారి ఉన్నాయి.

"వేళ్ళ కొసలు తెలియడం లేదు" అంది ఆమె. "మందు వల్లంట. సూది ఎక్కడుందో చూసుకుంటూ అల్లాలి. వదిలేశా."

అతను ముందు మొదటి టోపీ తీసి ఆమె నెత్తిన పెట్టాడు. రెండు చేతులతో చెవుల మీదికి సర్దాడు. సర్దాక చేతులు వెంటనే తీయలేదు. ఆ తర్వాత తన టోపీ తీసి దాని మీద పెట్టి చూశాడు.

"నేనూ అదే చేస్తున్నా, కుక్కల దగ్గరికి వెళ్ళేటప్పుడు" అంది. "కింద ఇది, పైన నీది. నీది లేకపోతే గాలి ఆగదు."

పొయ్యి ముందుకు వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. అల్లుతున్న జంట పోగు టోపీని సూదులు లాగి విప్పి, బుట్టలో పడేశాడు. ఆమె ఆపేసినదాన్ని తీసుకున్నాడు. జారిన కుట్లు రెండూ ఎక్కించాడు. కుడిచేత్తో మొదలుపెట్టబోయి ఆగాడు. ఇది ఎడమకు నడిచిన అల్లిక. ఇక్కణ్ణించి తను కుడికి తిప్పితే సగం ఒక మనిషిదీ సగం ఇంకో మనిషిదీ అవుతుంది. సూదులు చేతులు మార్చాడు. మొదటి కుట్టుకే పోగు జారింది.

మావిస్ ఎదురు కుర్చీలో కూర్చుంది. "అటు కాదు. కిందనుంచి తియ్యి."

"తీస్తున్నా."

"తియ్యడం లేదు, పొడుస్తున్నావు. చేపని పొడిచినట్టు పొడుస్తున్నావు. ఇట్టా చూడు." ఆమె ఖాళీ చేతులు ఎత్తి గాలిలో వేళ్ళు కదిపింది, నెమ్మదిగా, కొసలు తెలియని వేళ్ళు. అతను వాటినే చూస్తూ, అవి ఎటు పోతే తన వేళ్ళు అటు తిప్పాడు. ఒక కుట్టు వచ్చింది. ఇంకొకటి వచ్చింది. వంకరగానే ఉన్నాయి గాని, ఆమె వైపే వంగాయి.

ఒక వరస పూర్తయ్యేసరికి కెటిల్ మరిగి మరిగి సగమైంది.

"డెస్ ఎన్నిసార్లు వచ్చాడు ఇక్కడికి?" అన్నాడు గిల్, కుట్టు మీంచి తల ఎత్తకుండా.

"రెండుసార్లు. మొదటి టోపీకి ఊలు ఇవ్వడానికి ఒకసారి, రెండోదానికి ఇవ్వడానికి ఒకసారి."

"టీ ఇచ్చావా?"

"ఇచ్చా."

అతను ఒక కుట్టు తీశాడు. సరిగ్గా వచ్చిందో లేదో వేలితో నొక్కి చూసుకున్నాడు.

"బిస్కట్లు?"

మావిస్ రెండు టోపీల కింద నుంచి అతని వంక చూసింది. "రెండోసారి ఇచ్చా."

గిల్ తల ఊపి, తర్వాతి కుట్టు కిందనుంచి తీశాడు.